ఆ 1,640 మంది

ఈ కథలో సిస్టర్‌కు పేరు పెట్టడం లేదు. ఇల్లు జడ్చర్లలో, బాదేపల్లి వైపు అనుకోండి. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ అనుకోండి. 2021 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఒక్కసారిగా ఇంటికి పంపిన 1,640 మంది నర్సుల్లో ఆమె ఒకతి. మాటలు నా కూర్పు, తేదీలు, అంకెలు మాత్రం జరిగినవే.

నైటింగేల్ పుట్టి 200 ఏళ్లవుతోందని 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందే నర్సుల సంవత్సరంగా ప్రకటించి పెట్టుకుంది. మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు తేలింది. 22న దేశమంతా చప్పట్లు. మే 3న గాంధీ ఆసుపత్రి మీద హెలికాప్టర్ నుంచి పూలు చల్లారు. ఆ పూలు పడిన చోటే ఔట్‌సోర్సింగ్ నర్సుల నెల జీతం 17,500. జులైలో వాళ్లు డ్యూటీలు ఆపి బయట కూర్చుంటే గాని అది 25,000 కాలేదు.

మన సిస్టర్ ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో ఓ సర్కారు దవాఖానలో చేరింది. పీపీఈ కిట్ వేసుకుంటే ఆరు గంటలు మంచినీళ్లు లేవు, బాత్రూం లేదు. నెలసరి రోజుల్లో ఎట్లా అన్నది ఎవరూ రాసి ఇవ్వలేదు. తెల్లటి ముసుగుల్లో ఎవరెవరో తెలియక ఎదమీద స్కెచ్ పెన్నుతో పేరు రాసుకునేవాళ్లు. కళ్లద్దాలకు ఆవిరి పడితే సూదికి నరం దొరకదు, రెండు జతల గ్లౌజుల్లోంచి వేలికి నాడి అందదు. ఐసీయూలో ఒక రోగికి ఒక నర్సు ఉండాలన్నది పుస్తకంలో లెక్క. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆ లెక్క అడిగే తీరిక ఎవరికీ లేదు.

"సిస్టరమ్మా, మా పెద్దోనికి జర ఫోన్ కలుపవా?" అన్నాడు నారాయణపేట వైపు నుంచి వచ్చిన ముసలాయన. ఆక్సిజన్ మాస్కు పక్కన ఫోన్ పట్టుకుని నిలబడింది. "నాయినా, పైలం" అని అటువైపు గొంతు. తెల్లారి అదే నంబరు నుంచి మళ్లీ మోగింది. అప్పటికి ఆ మంచం మీద ఇంకొకాయన ఉన్నాడు.

ఏప్రిల్‌లో అయితే ఏడ్చేది. మేలో బెడ్ నంబరు రాసి, దుప్పటి మార్చమని చెప్పి పక్క మంచానికి పోయింది. ఆ రాత్రి హాస్టల్లో ఏడుపు రావట్లేదని భయపడింది.

"నాకు ఏమన్న అయిందా అక్కా?"

"నీకేం కాలే. అందరికీ గిట్లనే ఉంది. పండుకో."

ఇంటి నుంచి ఫోన్. "తిన్నవా బిడ్డా?" "తిన్ననే అమ్మా." "ఏం తిన్నవ్?" ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద మనసు విరగడం, చేసేది దేనికీ కొరగాదనిపించడం. ఈ మూడూ కలిసిన స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే నిర్వచించింది. రోగాల కింద మాత్రం పెట్టలేదు, పనిచేసే చోటు నుంచి వచ్చేదని రాసింది. నాకైతే ఈ కథంతా ఆ మాటలోనే ఉంది. రోగమైతే సిస్టర్‌కు మందివ్వాలి. చోటుదే తప్పయితే పక్కన ఇంకో సిస్టర్‌ను వేయాలి, వారానికో సెలవివ్వాలి, పై నెల కూడా ఉద్యోగం ఉంటుందని కాగితమివ్వాలి.

కాగితం జులైలో వచ్చింది, ఇక రావద్దని. నర్సులు అప్పట్లో ముఖ్యమంత్రి ఉండే ప్రగతి భవన్ ముందుకు వెళ్లి కూర్చున్నారు. పోలీసులు వ్యాన్లు ఎక్కించారు.

ట్రంకు పెట్టెతో ఆమె జడ్చర్లలో బస్సు దిగింది. ఏడాది కిందట వలస కూలీలు నెత్తిన మూటలతో నడిచిపోయింది ఈ 44వ నంబరు రహదారి మీదే. పాలమూరుకు వలస కొత్త కాదు. అడ్వాన్స్ ఇచ్చి లారీ ఎక్కించే మేస్త్రీలను, పని తీరగానే చేతులు దులుపుకునే మేస్త్రీలను ఈ జిల్లా తరాలుగా చూసింది.

"సర్కారు నౌకరంటివి గద బిడ్డా?" అన్నాడు తండ్రి.

"ఔట్‌సోర్సింగ్ నాయినా."

"అంటే?"

"కూలే. నెల కూలి."

2022 డిసెంబరు చివర 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ పడింది. రాతపరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20. ఆరు నెలల సేవకు 2 చొప్పున, గిరిజన ప్రాంతాల్లో అయితే 2.5. ఆ ముసలాయన ఫోనూ, ఆ ఎండాకాలమూ కలిపి ఏడాదికి 4 మార్కులు. వాటికీ పాత దవాఖానకు పోయి సర్వీస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

తర్వాత పోస్టులు పెరిగాయి. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చారు. మన సిస్టర్‌ను ఆ గుంపులో నిలబెట్టడం నా చేతిలో పనే. నిలబెట్టినా మధ్యలో రెండున్నరేళ్లు ఉన్నాయి. పగలు పరీక్ష పుస్తకాలు, రాత్రి ఓ ప్రైవేటు నర్సింగ్ హోంలో డ్యూటీ, జీతం ఔట్‌సోర్సింగ్ కన్నా తక్కువ.