కొయ్య చివరి దీపం

మా చిన్నప్పుడు తాళ్లరేవు దగ్గర కట్టిన తెరచాప ఓడల్లో కరెంటనేదే లేదమ్మలూ. దీపమంటే కిరసనాయిలు లాంతరే. ఎడమ పక్క ఎర్ర అద్దం, కుడి పక్క ఆకుపచ్చ అద్దం. వత్తి కత్తిరించారా, మసి తుడిచారా, నూనె తెల్లారేదాకా వస్తుందా, ఇంతే చూసుకునేవాళ్లు. నేను ఆ కాలం చివర్లో పుట్టి, బతుకుతెరువు కోసం గోవా పోయి, పడవలు బాగుచేసే చోట కరెంటు పనిలో కుదిరాను. దీపం ఒకచోట, బ్యాటరీ ఇంకోచోట ఉంటే మధ్యలో ఎంత కథ నడుస్తుందో అక్కడే తెలిసింది.

రేపు నువ్వూ ఆ పనికే పోతున్నావు. వైరు ఎంత లావుండాలో నాకు తెలిసినంతా చెబుతా. ఇలా నెగడు దగ్గరికి జరుగు, ఆ పక్కనుంచి చలిగాలి కొడుతోంది.

ఆ రోజుల్లో పనికొచ్చే కుర్రాళ్లంతా ఇళ్ల వైరింగు నేర్చుకున్నవాళ్లే. వాళ్ల నోట ఎప్పుడూ త్రీ ట్వంటీ, సెవెన్ ట్వంటీ. ఇరవై గేజి తీగలు మూడు పేనితే త్రీ ట్వంటీ, ఏడు పేనితే సెవెన్ ట్వంటీ. చదరపు మిల్లీమీటర్లలో చెప్పుకోవడం తర్వాత్తర్వాత అలవాటైంది. ఇంట్లో 230 వోల్టులు కాబట్టి ఆ చేతివాటంతో పని గడిచిపోతుంది. పడవలో ఉండేది 12 వోల్టులు. 1200 వాట్ల మోటారు ఇంట్లో అయితే అయిదారు యాంపులు లాగుతుంది. అదే పని 12 వోల్టుల మీద చేయించాలంటే 100 యాంపులు కావాలి. దారిలో రెండు వోల్టులు పోతే ఇంట్లో ఎవరికీ తెలియదు. పడవలో రెండు వోల్టులు పోతే ఉన్నదాంట్లో ఆరో వంతు పోయినట్టే.

మన గోదావరి కాలువ కింద శివారు పొలాలు చూశావుగా. ధవళేశ్వరం దగ్గర నీళ్లు నిండుగానే బయల్దేరతాయి. కాలువ సన్నబడి పూడిపోయి ఉంటే ఎగువ రైతు నాట్లు వేసేస్తాడు, శివారు రైతు ఆకాశం వంక చూస్తాడు. వైరు సంగతీ ఇంతే. బ్యాటరీ మీద మీటరు పెడితే 12.6 చూపిస్తుంది, అంతా బాగుందంటారు. అక్కడ కాదు చూడాల్సింది. దీపం వెలుగుతుండగా, మోటారు తిరుగుతుండగా, వైరు చివరికి పోయి చూడాలి.

మాకు పని నేర్పిన పెద్ద మేస్త్రి దగ్గర ఒక నూలు తాడు ఉండేది. పడవలోకి దిగగానే ఆయన టేపు తీసేవాడు కాదు. ఆ తాడుని బ్యాటరీ దగ్గర కట్టి, వైరు పోవాల్సిన దారంతా నడిపించేవాడు. గట్టు పైకి, అలమారు వెనక్కి, ఇంజను గది చుట్టూ తిప్పి, తెరచాప కట్టే కొయ్య మొదట్లోంచి పైకి. కళ్లతో చూసి ఆరు మీటర్లనుకున్నది తాడు మీద తొమ్మిదయ్యేది. అయ్యాక దాన్ని రెండింతలు చేసుకోమనేవాడు. కరెంటు పోయి ఊరుకోదు, తిరిగి బ్యాటరీకి రావాలి. పోయే వైరులో ఎంత పోతుందో వచ్చే వైరులోనూ అంతే పోతుంది. ఈ రెండింతల సంగతి మరిచిపోయి వైరు కొన్నవాళ్లని ఎంతమందిని చూశానో!

లెక్క చాలా తేలిక. యాంపులు, రానూపోనూ మీటర్లు గుణించు. దాన్ని 0.0175తో గుణించు. రాగి గుణం ఆ అంకెలో ఉంది. ఎన్ని వోల్టులు పోయినా ఓర్చుకోగలవో దానితో భాగించు. వచ్చింది చదరపు మిల్లీమీటర్లు. ఎంత పోతే ఓర్చుకోవాలన్నదే అసలు ప్రశ్న. దారి దీపాలు, రేడియో, జీపీఎస్, నీళ్లు తోడే పంపు, వీటికి నూటికి మూడు, అంటే 12 వోల్టుల్లో 0.36. లోపల గదిలో పడుకునేచోటి దీపానికి, ఫ్యానుకి నూటికి పది, అంటే 1.2 వోల్టుల దాకా పోయినా ప్రాణం మీదికి రాదు.

ఇప్పుడు కొయ్య మీది దీపం చూద్దాం. నాకు ఇదంటే ఒక పట్టు. ఇరవై మీటర్ల లోపు తెరచాప పడవ, ఇంజను ఆపి గాలి మీద నడిచేటప్పుడు, ఎరుపు ఆకుపచ్చ తెలుపు మూడూ ఒకే డబ్బాలో పెట్టి కొయ్య చివర వెలిగించుకోవచ్చు. 12 మీటర్లు దాటిన పడవకి అది రెండు సముద్ర మైళ్ల దూరం కనపడాలి. అప్పట్లో దానికి 25 వాట్ల బల్బు వేసేవాళ్లం. రెండు యాంపులకి కాస్త ఎక్కువ, 2.1 అనుకో. కొయ్య 15 మీటర్లు, బ్యాటరీ నుంచి కొయ్య మొదలుకి అయిదు. పోయి రావడానికి 40. ఇంటి అలవాటుతో ఒకటిన్నర చదరపు ఎంఎం వైరు లాగితే దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది. నూటికి ఎనిమిది. ఎనిమిదేగా అనకు. తీగ బల్బుకి వోల్టులు కొంచెం తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. అక్కడికి చేరేసరికి వెలుగులో పావు వంతు మాయం. రేవులో కట్టేసి ఉన్నప్పుడు కింద నిలబడి చూస్తే ఆ పావు వంతు ఎవరి కంటికీ ఆనదు. వాన కురిసే రాత్రి, ఎదురుగా వచ్చే పెద్ద ఓడ మీద కాపలా మనిషి కంటికి మాత్రం ఆ తేడా మొత్తం లెక్కే.

నూటికి మూడు లోపు ఉండాలంటే ఎంత వచ్చిందో తెలుసా? 4.08. బజారులో 4 ఉంది, ఆ తర్వాత 6. ఆ 0.08 వదిలేద్దామని మా కుర్రాళ్లు. పడవాయన ఇంకో మాటన్నాడు, కొయ్య మీద బరువు పెరిగితే పడవ ఎక్కువ ఊగుతుందని. అది నిజమే. కొయ్య పొడవునా పోయి వచ్చే 6 ఎంఎం వైరులో రాగే కిలోన్నర పైన ఉంటుంది. మేస్త్రి 6 వేయించాడు. దీపం కోసమే కొయ్యకి వైరు ఎక్కిస్తూ ఆ దీపాన్నే మసకబార్చడమేమిటన్నాడు. ఈ ఎల్ఈడీలొచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది. రెండున్నర వాట్ల దీపం అంత వెలుగూ ఇస్తుంది, ఒకటిన్నర ఎంఎం వైరులో పోయేది పదో వంతు వోల్టు కూడా కాదు. అంతకంటే సన్నది మాత్రం ఎక్కించకు. కొయ్య లోపల వేలాడే వైరు దాని బరువుని అదే మోసుకోవాలి.

కొయ్య దీపమంటే ఇంకోటి గుర్తొస్తుంది. 2017 సెప్టెంబరు 10న మన నౌకాదళం తెరచాప పడవ ఐఎన్ఎస్వీ తారిణి భూమి చుట్టి రావడానికి గోవా నుంచి బయల్దేరింది. ఆరుగురూ ఆడపిల్లలే. మన విశాఖపట్నం పిల్ల పి. స్వాతి, హైదరాబాదు పిల్ల బి. ఐశ్వర్య అందులో ఉన్నారు. కేప్ హార్న్ చుట్టి, 2018 మే 21న మళ్లీ గోవా చేరారు. 254 రోజులు. 55 అడుగుల పడవ. పేపర్లో ఫొటో చూసి అందరూ తెరచాపలు చూస్తుంటే నా చూపు కొయ్య చివరికి పోయింది. ఆ దక్షిణ సముద్రంలో రాత్రిపూట ఆ పిల్లలకి ఉన్నది ఆ దీపాలూ, ఆ రేడియో, వాటి వెనక కాసిన్ని బ్యాటరీలూ. ఆ వైర్లు లాగిన చేతులకి నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

లంగరు లాగే మోటారు సంగతి వేరు. దాని దగ్గరే అందరూ పప్పులో కాలేసేది. ఒక పడవకి ఎవరో బయటివాళ్లు 16 ఎంఎం కేబుల్ వేసి పంపారు. 100 యాంపులకి 16 తట్టుకుంటుందని పట్టికలో ఉంది. ఉంది, నిజమే. కానీ కాలిపోకుండా ఓర్చుకోవడం వేరు, చివరిదాకా చేరవేయడం వేరు. బ్యాటరీ నడుమన, మోటారు ముందు కొసన, దూరం 8 మీటర్లు, రానూపోనూ 16. వోల్టున్నర పైనే, 1.75 దాకా దారిలో పోతోంది. బరువు పడగానే బ్యాటరీ కూడా కొంత దిగుతుంది కదా, మోటారుకి పది కూడా అందడం లేదు. ఎండాకాలం నిలకడ నీళ్లలో లంగరు బాగానే లేచింది. తొలకరి గాలులు మొదలయ్యాక, గొలుసు బిగుసుకున్న రాత్రి మోటారు మూలిగి ఆగిపోయింది. మనుషులు వానలో నిలబడి చేతుల్తో లాగారు. ఒకాయన అరచేతులు ఊడినంత పనైంది. మర్నాడు మేం 35 వేశాం. లెక్క ప్రకారం 25 కూడా పదిశాతం లోపే వస్తుంది, 1.12. కానీ వైరు కొసలకి నొక్కే లగ్గులు, స్విచ్చి, బ్రేకరు తలా కాస్త తింటాయి. 35లో పోయేది 0.8.

24 వోల్టుల పడవ దొరికితే అదృష్టమే. అదే 1200 వాట్లకి యాంపులు సగం, పోవడానికి ఓర్చుకునే వోల్టులు రెండింతలు, కాబట్టి నాలుగో వంతు రాగి చాలు. అదే దూరానికి, నూటికి పది చొప్పున, 12 వోల్టుల మీద 23.3 అవసరమైనచోట 5.8 వస్తుంది. అలా అని 6 వేసెయ్యకు. 50 యాంపులకి అది వేడెక్కుతుంది. దూరం లెక్క, వేడి లెక్క రెండూ వేసి ఏది లావో అది తీసుకోవాలి. ఇంజను గదిలోంచి పోయే వైరుకి ఇంకాస్త లావు, అక్కడ గాలే వేడి.

ఇంజను స్టార్టరు యాంపులు వందల్లో లాగుతుంది, కానీ కొద్ది సెకన్లే. దానికి మందు లావు కంటే దగ్గరితనం. బ్యాటరీని ఇంజను పక్కకి తెచ్చుకో.

వైరు రకం గురించి ఎక్కువ చెప్పను. లోపలి రాగి పోగులకి తగరం పూత ఉండాలి, పోగులు సన్నగా ఎక్కువగా ఉండాలి. పూత లేని రాగికి ఉప్పుగాలి తగిలితే చిలుము తొడుగు కిందనుంచి పాకిపోతుంది, పైకి కొత్తదానిలాగే ఉంటుంది. కొన్ని ఇంటి వైర్లలో ఉండే ఒంటితీగ పడవ అదురుకి విరిగిపోతుంది. మెత్తగా వంగుతుందని కొందరు వెల్డింగు కేబుల్ వేస్తారు. వాటిలో చాలావాటి రబ్బరు నూనెకి ఉబ్బిపోతుంది, రాగికి మామూలుగా పూత ఉండదు. లగ్గుని సరైన అచ్చుతో నొక్కాలి. సోల్డరు ఒక్కదాన్నే నమ్ముకుని వేలాడదీయకు.

ఫ్యూజు బ్యాటరీకి ఏడంగుళాల లోపు పెట్టు. దాని పని వైరుని కాపాడటం. మోటారు గట్టిగా లాగినప్పుడల్లా పోకూడదని పెద్దది వేసేవాళ్లుంటారు, వినకు. వైరు ఎంత మోయగలదో ఫ్యూజు అంతకు మించకూడదు. ఫ్యూజు లేనిచోట వైరు ఒరుసుకుపోయి కలిసిందంటే బ్యాటరీ వేల యాంపులు కుమ్మరిస్తుంది, నడిసముద్రంలో ఆ మంటకి పారిపోయే చోటుండదు.

ఇందాక నీ పడవలో నీళ్లు తోడే పంపు అన్నావు కదా, ఎంత లాగుతుంది? ఎనిమిది యాంపులా? దూరం తాడేసి కొలిచావా, ఏడు మీటర్లా? అయితే 14. ఎనిమిది పద్నాలుగులు నూట పన్నెండు. 0.0175తో గుణిస్తే 1.96. దాన్ని 0.36తో భాగించు. అయిదున్నరకి దగ్గరగా వస్తుంది. 6 ఎంఎం రాసుకో.