ప్రతిమ్ కుమార్ చట్టరాజ్

భారతీయ సైద్ధాంతిక, గణన రసాయన శాస్త్రవేత్త. ఖరగ్‌పూర్ ఐఐటీలో దీర్ఘకాలం ఆచార్యులుగా పనిచేశారు.

చట్టరాజ్ బర్ద్వాన్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ, బొంబాయి ఐఐటీలో పీహెచ్‌డీ చేశారు. అయాన్లు, పరమాణువులు ఢీకొనే తీరును ఎలక్ట్రాన్ సాంద్రత ఆధారంగా లెక్కగట్టే పద్ధతిపై బి.ఎం. దేబ్‌తో కలిసి 1989లో వ్యాసం ప్రచురించారు.

అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ పార్ వద్ద చేసిన పరిశోధన ఆయనకు పేరు తెచ్చింది. కఠిన ఆమ్లాలు (ఎలక్ట్రాన్ మేఘం తేలిగ్గా రూపు మారనివి) కఠిన క్షారాలతో, మృదు ఆమ్లాలు (తేలిగ్గా మారేవి) మృదు క్షారాలతో ఇష్టంగా కలుస్తాయని రాల్ఫ్ పియర్సన్ 1963లో చెప్పారు. ఎంత కఠినమో కొలిచే మార్గం అప్పట్లో లేదు. 1983లో పార్, పియర్సన్ ఆ లోటు తీర్చారు: అయనీకరణ శక్తిలోంచి ఎలక్ట్రాన్ అఫినిటీని తీసేసి సగం చేస్తే వచ్చేదే కాఠిన్యం. అణువులు వీలైనంత కఠినంగా అమరుతాయని 1987లో పియర్సన్ అన్నది మాత్రం అనుభవం మీద చెప్పిన మాట. 1991లో జర్నల్ ఆఫ్ ది అమెరికన్ కెమికల్ సొసైటీ 1854వ పేజీలో పార్, చట్టరాజ్ గణాంక యాంత్రిక శాస్త్రంతో దానికి నిరూపణ ఇచ్చారు. ఆ మరుసటి పేజీలోనే చట్టరాజ్, లీ, పార్ కఠిన-మృదు సూత్రానికీ సైద్ధాంతిక ఆధారం చూపారు. క్లుప్తతలోనూ ప్రభావంలోనూ మెచ్చుకోదగ్గ జంట వ్యాసాలివి. రసాయన పొటెన్షియల్, కేంద్రకాల పొటెన్షియల్ స్థిరంగా ఉండాలన్నది మొదటి నిరూపణకు షరతు. నిజమైన చర్యల్లో రెండూ మారతాయి గనుక గరిష్ఠ కాఠిన్య సూత్రం పరిధిపై చర్చ తర్వాతా సాగింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన కె.డి. సేన్ సంపాదకత్వంలో 1993లో వెలువడిన ‘కెమికల్ హార్డ్‌నెస్’ సంపుటిలో పార్‌తో కలిసి చట్టరాజ్ ఒక అధ్యాయం రాశారు.

ఎలక్ట్రాన్లను లాక్కునే గుణానికి పార్ బృందం 1999లో ఒక సూచిక నిర్వచించింది. అణువులో ఏ పరమాణువుకు ఆ గుణం ఎంత అన్నది చెప్పే ‘ఫిలిసిటీ’ భావనను ఖరగ్‌పూర్ నుంచి చట్టరాజ్ బృందం 2003లో ప్రతిపాదించింది. 2006లో కెమికల్ రివ్యూస్‌లో ఆ సూచికపై వచ్చిన సమీక్షా వ్యాసమూ వారిదే. తర్వాతి ఏళ్లలో లోహ సమూహాల ఆరోమాటిసిటీ, హైడ్రోజన్ నిల్వ, జడవాయు సమ్మేళనాలపై పనిచేశారు.