లైసెన్సు చేతికొచ్చే నాటికి

మా రొంపిచెర్ల రైతుకి మిర్చి ధర సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఒక ఏడు గుంటూరు యార్డులో రేటు పలికిందంటే, మరుసటి ఏడు సాగర్ కాలువ కింద ఎటు చూసినా మిరప నారే. కాయ కల్లంలోకి వచ్చేసరికి అడిగే నాథుడుండడు. పైలట్ ఉద్యోగాల చరిత్ర కూడా ఇదే. ఊరెళ్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు: "బాబాయ్, ఇప్పుడు పైలట్లకి గిరాకీ బాగుందంట గదా, మావోణ్ణి చేర్పించమంటావా?" ఇప్పుడుంటే ఏం లాభం? రెండొందల గంటలు ఎగిరి, పరీక్షలన్నీ గట్టెక్కి, లైసెన్సు చేతికొచ్చేసరికి ఎంత లేదన్నా రెండేళ్లు.

ఈ వరస మనతో మొదలవలేదు. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి బేగంపేటలో దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. యుద్ధం ముగిసి, సైన్యం వదిలించుకున్న డకోటా విమానాలు చవగ్గా దొరుకుతున్న రోజులు. దేశమంతా విమాన కంపెనీలు లేచాయి. ఎక్కేవాళ్లు అంతమంది లేరు. 1950లో ఈ కంపెనీల సంగతి విచారించిన రాజాధ్యక్ష కమిటీ తేల్చింది కూడా అదే: కంపెనీలు ఎక్కువ, పని తక్కువ. మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కి ఎన్నో కంపెనీలు కాదన్నాక ఉద్యోగమిచ్చింది ఈ దక్కనే. అయితే కెప్టెన్ సీటు మాత్రం దక్కనివ్వలేదు. ఆవిడ మానేసి బిర్లా గారి సొంత విమానం నడపడానికి వెళ్లారు. 1953 ఆగస్టు 1న ఎనిమిది కంపెనీలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు దేశీయ రూట్లలో పైలట్‌కి ఒకటే యజమాని, ఒకటే సీనియారిటీ జాబితా.

ఆ కంపెనీలను జాతీయం చేసిన చట్టం 1994లో రద్దయింది. ఆ రోజుల్లో లేచిన ప్రైవేటు కంపెనీలు ఈస్ట్ వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్, ఎన్ఈపీసీ... ఆ దశాబ్దం దాటకుండానే అన్నీ పోయాయి. అప్పటి నుంచి ఈ వృత్తిలో అసలు దెబ్బ జీతం ఆగడం కాదు, సీనియారిటీ పోవడం. అది కంపెనీ ఆస్తి. కంపెనీతోనే మునుగుతుంది. పేరెందుకు గానీ, నేను చేసిన ఒక కంపెనీ మూతపడ్డాక భుజం మీది నాలుగు కెప్టెన్ గీతలు తీసి మూడు పెట్టుకుని, వేరే చోట కో-పైలట్‌గా కుడి సీట్లో కూర్చున్నాను. ఎడమ సీట్లో నాకంటే చిన్నవాడు. మంచి కుర్రాడే పాపం, "సార్" అనే పిలిచేవాడు.

2003లో ఎయిర్ దక్కన్, 2005లో కింగ్‌ఫిషర్ వచ్చాక కొడుకుల కోసం పొలాలమ్మినవాళ్లని చూశాను. 2008లో చమురు బ్యారెల్ 147 డాలర్లకెక్కింది, వెంటనే ప్రపంచ మాంద్యం. సరిగ్గా అప్పుడే ఈ కుర్రాళ్ల లైసెన్సులు చేతికొచ్చాయి. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ ఆగాక వాళ్లు, అనుభవమున్న కెప్టెన్లు ఉద్యోగాల కోసం ఒకే వరుసలో నిలబడ్డారు.

మన బెజవాడ కంపెనీ ఎయిర్ కోస్టా కథ వేరు. 2013 అక్టోబరులో ఎంబ్రేయర్ జెట్లతో మొదలైంది. నాలుగు నెలలకే సింగపూర్ ఎయిర్‌షోలో 50 కొత్త విమానాలకు ఆర్డరిచ్చింది, అప్పటికి చేతిలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మావాళ్ల ఛాతీ ఉప్పొంగింది, నాదీను. 2017 ఫిబ్రవరి 28న సర్వీసులు ఆగాయి, లీజు బకాయిల గొడవల్లో. ఒక్కో రకం విమానం నడపడానికి పైలట్‌కి వేరే రేటింగ్, అంటే అనుమతి, కావాలి. ఎంబ్రేయర్ నడిపిన పారామౌంట్ అంతకుముందే మూతపడింది కాబట్టి, ఆ రేటింగ్‌కి అప్పట్లో దేశంలో వేరే ఎయిర్‌లైన్ లేదు. లక్షలు పోసి మళ్లీ సిమ్యులేటర్ ఎక్కాలి, లేదా విదేశం పోవాలి.

2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగాయి. మధ్యలో కోవిడ్: 2020లో రెండు నెలలు దేశీయ ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయాయి. చిత్రమేమిటంటే, ఆ గడ్డు రోజుల్లో ధైర్యం చేసి ఫ్లయింగ్ స్కూల్లో చేరినవాళ్లు బయటికొచ్చేసరికి ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లిచ్చాయి.

అందుకే నన్నడిగేవాళ్లకు గిరాకీ మాట చెప్పను. ముందు క్లాస్ టూ, క్లాస్ వన్ మెడికల్ చేయించండి, కన్ను చెవి సరిగ్గా ఉంటేనే ఫీజు కట్టండి అంటాను. ఆ పైన ఏ320 గానీ, 737 గానీ, ఏటీఆర్ గానీ నడపడం నేర్చుకోమంటాను. వాటికి మన దేశంలోనే ఒకటికి రెండు కంపెనీలున్నాయి.