రాత్రికి కంచె కట్టిన ఊరు



ఈ పూట విత్తనం గురించి గాని, ఎరువు గురించి గాని చెప్పబోవడం లేదు. దీపం గురించి చెబుతాను. దీపం గురించి చెప్పేదేముంది, స్విచ్చి వేస్తే వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది అంటారేమో. వెలిగించడం మనం త్వరగానే నేర్చుకొన్నాం. ఎక్కడ వెలగాలి, ఎంత వెలగాలి, ఎప్పుడు ఆరాలి అనేది ఇంకా నేర్చుకొంటున్నాం. ఆ నేర్చుకోవడానికి ఒక చరిత్ర వున్నది. అది చెప్పే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

రెండేళ్ల క్రిందట కార్తీక మాసంలో, నా పరిధిలోని ఒక గ్రామం నుంచి ఒక పెద్దాయన కబురు పెట్టాడు. "సారూ, నా కంది చేను ఒక్కసారి చూసిపోవాలె. ఒక మూల పూత రాలేదు. తెగులో ఏమో తెలుస్తలేదు" అన్నాడు. వెళ్లి చూశాను. చేనంతా పసుపుపచ్చగా పూసివుంది. రోడ్డు వైపు మూల మాత్రం ఏపుగా, నల్లటి పచ్చగా, పువ్వూ మొగ్గా లేకుండా నిలబడివుంది. పూత లేదు గనుక వెర్రి తెగులే అనుకొన్నాను. నల్లికి మందు రాసిచ్చాను. వెర్రి తెగులైతే ఆకులు చిన్నవై వెలిసిపోవాలి. ఇక్కడ ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఆ సంగతి కళ్లతో చూసీ, మనసుకు పట్టించుకోలేదు.

పది రోజుల తరువాత మళ్లీ వెళ్లాను. మందు ఖర్చు అయింది, పూత రాలేదు. ఆ వేళ ఆలస్యమై, చేను గట్టు మీదే చీకటి పడింది. రోడ్డు మీద బస్సు ఆగే చోట కొత్తగా వేసిన ఎల్ఈడీ ఫ్లడ్ లైటు ఒక్కసారిగా వెలిగింది. దాని వెలుతురు కంది చేను మీద అర్ధచంద్రాకారంగా పడింది. పూత రాని మూల సరిగ్గా అంతమేరే! తాడు పట్టి గీసినట్టు వుంది. "పెద్దాయనా, నీ చేనుకు తెగులు లేదు. రాత్రి లేదు" అన్నాను. ఆయన కాసేపు దీపం వైపు చూసి, "అయితే మందు పైసలు పోయినట్టేనా సారూ?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మొక్కకు రాత్రి ఎందుకు కావాలి? ఈ సంగతిని అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1920లో లోకానికి తెలిపారు. వారి పొలంలో ఒక రకం పొగాకు వేసవి పొడుగునా మనిషి ఎత్తు దాటి పెరుగుతుందే గాని పూయదు. ఎరువు మార్చారు, నీరు మార్చారు, లాభం లేదు. చివరకు సాయంకాలం పొద్దు వుండగానే మొక్కలను చీకటి కొట్టంలో పెట్టి, పొద్దెక్కాక బయటకు తెచ్చారు. మొక్క పూసింది! అంటే పగటి పొడవును, రాత్రి పొడవును మొక్క కనిపెడుతుందన్న మాట. 1938లో హామ్నర్, బానర్ అనే మరి ఇద్దరు, పొద్దు తగ్గినప్పుడు పూసే మొక్కకు ముఖ్యమైనది ఎడతెగని చీకటి అని చూపారు. నడిరాత్రి కొద్దిసేపు దీపం చూపితే చాలు, పూత ఆగిపోయింది.

మన సంప్రదాయ కంది రకాలు, సోయాచిక్కుడు, పాత వరి రకాలు కొన్ని, చామంతి ఈ జాతివే. చామంతి రైతులు కొందరు తోటలో బల్బులు కట్టి, కావాలనే పూతను వెనక్కు నెట్టి, పండుగ గిరాకీకి అందిస్తారు. వారు డబ్బు పెట్టి చేసే పనినే మన బస్సు స్టాపు దీపం ఆ పెద్దాయన చేనుకు అడగకుండా చేసిపెట్టింది.

అయితే మొక్కకు నోరు లేదు గదా! "మా రాత్రి మాకు వదలండి" అని నోరు తెరచి అడిగినవారు వేరే వున్నారు. వారు నక్షత్రాలు చూసేవారు. బయటి దీపాలకు కట్టడి అనే మాట వారి వల్లే పుట్టింది. అది పుట్టిన ఊరు అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్. దేవదారు జాతి చెట్ల అడవి మధ్య, ఏడువేల అడుగుల ఎత్తున వున్న ఊరు. కలప కోతకూ, రైలుకూ పేరు. గాలి పొడిగా, ఆకాశం నిర్మలంగా వుంటుందని 1894లో పెర్సివల్ లోవెల్ అనే ఆయన ఆ ఊరి పక్క గుట్ట మీద నక్షత్రశాల కట్టించాడు.

ఆ నక్షత్రశాలకు పేరు తెచ్చినవారిలో ఒకడు మనవంటి రైతు బిడ్డ. పేరు క్లైడ్ టాంబా. కాన్సాస్‌లో వాళ్లది సేద్యం. ఒక ఏడు వడగళ్లవాన పంటను నేలమట్టం చేస్తే, కాలేజీ చదువు ఆశ కూడా దానితోనే పోయింది. అయినా కుర్రవాడు ఊరుకోలేదు. పాత కారు ఇరుసులు, పాల మీగడ తీసే యంత్రం సామాను పోగుచేసి దుర్భిణి చేసుకొన్నాడు. దానితో చూసిన గ్రహాల బొమ్మలు గీసి లోవెల్ నక్షత్రశాలకు పంపితే, 1929లో పనిలోకి తీసుకొన్నారు. రాత్రిళ్లు ఆకాశాన్ని ఫొటో పలకల మీదకు ఎక్కించి, రెండేసి పలకలు పక్కపక్కన పెట్టి, కదిలిన చుక్క ఏదా అని వెదికాడు. 1930 ఫిబ్రవరి 18న ప్లూటో దొరికింది. దాన్ని 2006లో మరుగుజ్జు గ్రహాల జాబితాలోకి మార్చారు. ఆ రైతు బిడ్డ ఓపిక మాత్రం ఏ జాబితాలో పెట్టినా తగ్గదు.

అటువంటి పలక మీద సన్నని చుక్క పడాలంటే గంట సేపైనా ఆకాశం నల్లగా వుండాలి. అయితే రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా పట్టణాల్లో ఒక వింత మోజు బయలుదేరింది. కొత్త దుకాణం తెరిచినా, సరుకు అమ్ముకోవాలన్నా, సెర్చిలైట్లు తెచ్చి ఆకాశంలోకి తిప్పేవారు. మన జాతరలో మైకు ఎట్లాగో అక్కడ ఆ దీపం అట్లాగు. ఆ వెలుతురు ధూళికీ తేమకూ తగిలి, ఆకాశమంతా పాలు కలిపిన నీళ్లలాగా తెల్లబడేది.

1958 ఏప్రిల్ 15న ఫ్లాగ్‌స్టాఫ్ పురపాలక సభ ఒక శాసనం చేసింది. ఊరి హద్దుల్లో వ్యాపారం కోసం సెర్చిలైటు వెలిగించరాదు. వెలిగిస్తే జుల్మానా, లేదా జైలు. చీకటి ఆకాశం కోసం చేసిన కట్టడి ప్రపంచంలో ఇదే మొదటిదని చెబుతారు. దీన్ని ఢిల్లీ వంటి రాజధానిలో కూర్చొన్నవారు చేయలేదు. ఇరవై వేల జనం కూడా లేని ఊరు, తన గుట్ట మీద తన పొరుగువారు చేసే పని చెడకూడదని చేసుకొన్నది. వీధి దీపాలు ఆర్పమని అది అనలేదు. ఆకాశంలో ఎవరూ నడవరు గనుక ఆకాశానికి దీపం అక్కరలేదన్నది, అంతే.

ఒకసారి దారి పడ్డాక నడక సులువు. అదే రాష్ట్రంలో టూసాన్ పట్టణం దగ్గర కిట్ పీక్ కొండ మీద 1958లో జాతీయ నక్షత్రశాల వెలసింది. పట్టణం పెరిగి, దాని కాంతి కొండను తాకబోతుంటే, 1972లో అక్కడా నియమాలు వచ్చాయి. వాటిలో ముఖ్యమైన మాట దీపానికి మూత. దీపం మీదా పక్కలా కప్పు వుండాలి, వెలుతురు నేల మీదే పడాలి. వీధి దీపాలకు సోడియం దీపాలు మంచివన్నారు. వాటి వెలుతురు ఒకే పసుపుపచ్చ వన్నె గనుక నక్షత్రశాలవారు జల్లెడ పట్టినట్టు దాన్ని వేరుచేయగలరు. 1988లో ఆ టూసాన్‌లోనే ఈ పని కోసం ఒక అంతర్జాతీయ సంఘం పుట్టింది.

1989లో ఫ్లాగ్‌స్టాఫ్ ఇంకొక అడుగు వేసింది. ఇది రైతులకు చప్పున అర్థమయ్యే అడుగు. కాలువ కింద ఎకరానికి ఇంత నీరు అని వంతు వేస్తాం గదా! వారు ఎకరానికి ఇంత వెలుతురు అని వంతు వేశారు. వెలుతురును కొలిచే కొలత ల్యూమెన్. పాత అరవై వాట్ల బల్బు సుమారు 800 ల్యూమెన్లు ఇస్తుంది. స్థలం యజమాని ఎన్ని దీపాలు పెట్టుకొన్నా సరే, మొత్తం కలిపి ఎకరం వంతు దాటరాదు. నక్షత్రశాలకు దగ్గరైతే వంతు తక్కువ, దూరమైతే ఎక్కువ. 2001లో ఆ ఊరిని ప్రపంచంలో మొదటి చీకటి ఆకాశ నగరంగా గుర్తించారు.

కట్టడి పెడితే ఊరు చిన్నబోయిందా? 1960లో ఆ ఊరి జనాభా పద్దెనిమిది వేల పైచిలుకు. 2020లో డెబ్బయ్యారు వేలు దాటింది. ఊరు నాలుగింతలైంది, రాత్రి నిలిచింది.

ఇక మన సంగతి. మనకూ నక్షత్రశాల లేక కాదు. 1901లో నవాబు జఫర్ జంగ్ హైదరాబాదులో నిజామియా నక్షత్రశాల స్థాపించాడు. తరువాత అది బేగంపేటకు మారింది. అక్కడివారు లక్షల నక్షత్రాల స్థానాలు లెక్కగట్టి, ప్రపంచ దేశాలు కలిసి తయారుచేసిన పట్టికకు మన పాలు అందించారు. ఊరు పెరిగి బేగంపేట దీపాల మధ్యకు వచ్చింది. అప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు ఇబ్రహీంపట్నం ఆవల జాపాల, రంగాపూర్ గ్రామాల దగ్గర కొత్త స్థలం చూసి, 1968లో 48 అంగుళాల దుర్భిణి పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడ నుంచే చూశారు. తరువాత హైదరాబాదు ఆ దిక్కుకూ పెరిగింది. ఫ్లాగ్‌స్టాఫ్‌వారు దీపాన్ని వంచారు. మనం దుర్భిణిని మోసుకొని దూరం జరిగాం. దూరం జరగడానికి మాత్రం నేల ఎంత వుంటుంది? పొలం అయితే అసలే జరగలేదు.

మన దేశంలోనూ దారి మొదలైంది. లద్దాఖ్‌లో హాన్లే అనే చోట, నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున నక్షత్రశాల వున్నది. 2022 డిసెంబరులో దాని చుట్టూ వున్న ప్రాంతాన్ని చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఊళ్లలో కిటికీలకు తెరలు, దీపాలకు మూతలు, వాహనాల పెద్ద లైట్లకు అదుపు పెట్టారు. ఆ ఊళ్ల యువతీయువకులకే దుర్భిణులు ఇచ్చి, వచ్చినవారికి ఆకాశం చూపించే పని నేర్పారు.

ఇప్పుడు మా కంది చేను దగ్గరకు వద్దాం. ఈ సంగతి గ్రామసభలో పెట్టాం. దీపం తీసేయమని పెద్దాయన అడిగాడు. వెనుక వరుసలో నుంచి ఒక తల్లి లేచి, "దీపం తీస్తే చివరి బస్సు దిగే మా ఆడపిల్లలు ఎట్ల రావాలె?" అన్నది. ఆమె మాటలో న్యాయం వుంది. ఆయన మాటలోనూ వుంది. అప్పుడు ఫ్లాగ్‌స్టాఫ్ కథ చెప్పాను. తగువు దీపానికీ చీకటికీ కాదు, దీపం ఎటు చూడాలన్నదే అని ఒప్పుకొన్నారు. వీధి దీపం పంచాయతీ పనే గనుక ఎవరి గుమ్మం తొక్కవలసిన అవసరం లేకపోయింది. చేను వైపు తల ఎత్తి వున్న లైటును నేలకు వంచారు. వెనుక రేకు అడ్డం బిగించారు. చివరి బస్సు పోయిన గంటకు ఆరిపోయేటట్టు టైమరు పెట్టారు. ఆ తల్లే తరువాత, లైటు ఇప్పుడు కళ్లల్లో కొట్టడం లేదు, దారిలో పురుగూ పుట్రా ముందే కనబడుతున్నది అన్నది. మరుసటి ఏడు ఆ మూల కంది కూడా పూసింది. రోడ్డు పక్క రెండు సాళ్లు మాత్రం కాస్త వెనుకబడ్డాయి.

సోదరులారా! మీ ఊళ్లో కొత్త దీపం వేసేటప్పుడు నాలుగు మాటలు తీర్మానంలో రాయించండి. దీపం నేలను చూడాలి. దానికి మూత వుండాలి. కావలసినంతకు మించి వుండరాదు, తెల్లని కాంతి కంటే పసుపు కాంతి మేలు. పని అయిపోయాక ఆరాలి. కరెంటు ఖర్చు తగ్గడం పైలాభం. దీపానికి పురుగు వస్తుందని మీకు నేను చెప్పాలా? ఎర్రగొంగళి పురుగు రెక్కల పురుగులను రాత్రి మంటలు వేసి చంపినవారు మీరు. తెల్లవార్లూ వెలిగే దీపం చేను పక్కన వుంటే, ఆ పురుగులను మనమే పిలిచినట్టు.

తోటి ఉద్యోగులకు ఒక్క మనవి. చేనులో ఒక మూల పూత రాకపోతే, మందు చీటీ రాసేముందు ఒక్క రాత్రి ఆ గట్టు మీద నిలబడి చూడండి. నేను ముందు ఆ పని చేసివుంటే పెద్దాయనకు మందు డబ్బు మిగిలేది.