సెంటుక్లేరు దండయాత్ర - సేనాసంభారములు

1791 వ సంవత్సరము నవంబరు 4 వ తేదీ సూర్యోదయవేళ, నేఁటి ఒహాయో రాష్ట్రమున వాబాషునది పుట్టుచోటికి సమీపమున, అమెరికా సంయుక్తరాష్ట్రముల సేన యొకటి మూఁడు గంటలలో విధ్వస్తమయ్యెను. ఇంచుమించు 1,400 మందిలో 600 మందికిఁ బైగా హతులైరి. ఆదివాసులచేత నా రాష్ట్రముల సేన పొందిన పరాజయములలో నింత ఘోరమైనది వేఱొకటి లేదు. దీనికిఁ గారణము మిలీషియావారి పిఱికితనమని కొందఱును, సేనాపతియైన ఆర్థరు సెంటుక్లేరు వాతరోగపీడితుఁడై యుండుట యని కొందఱును వ్రాసిరి. సేన కదలుటకుఁ బూర్వమే యీ యపజయము సగము సిద్ధమై యుండెనని నా యభిప్రాయము.

1783 లో పారిసు సంధివలన ఒహాయోనది కుత్తరపు భూమి యాంగ్లేయులనుండి సంయుక్తరాష్ట్రములకు సంక్రమించెను. అందు వసించు మయామీ, షానీ, డెలావేరు జాతుల నెవ్వరు నడుగలేదు. ఆ నదియే తమ యెల్ల యని వారు పట్టుపట్టిరి. వారిపైకి 1790 లో హార్మరు నడపిన దండులో నిలుకడ సైనికులు 320 మంది, మిలీషియావారు 1,133 మంది. మిలీషియా యనఁగా నవసరము వచ్చినప్పుడు పిలిపింపఁబడు గృహస్థుల దండు. వచ్చినవారిలో వృద్ధులును, బాలురును, సొమ్ము గైకొని యితరులకు బదులు నిలిచినవారును బెక్కురు. తుపాకులో, సగము చెడినవి. కౌటిల్యుఁడు చెప్పిన మౌల, భృత, శ్రేణీ, మిత్ర, అమిత్ర, అటవీ బలములలో దీని నెందుఁ జేర్పవలయునో నాకుఁ దోఁపకున్నది. హార్మరును ఓడి మరలెను.

1791 మార్చిలోఁ గాంగ్రెసు మఱియొక పటాలమును, ఆఱు మాసములకు మాత్రము కూర్పఁదగిన 2,000 మంది లెవీలను మంజూరు చేసెను. సామాన్యసైనికునకు నెలకు 3 డాలర్లు. అందు 90 సెంట్లు బట్టలకును, 10 సెంట్లు వైద్యమునకును బట్టుకొనఁగా మిగులునది రెండే. దినబత్తెము ఒక పౌను గొడ్డుమాంసము, ఒక పౌను రొట్టె లేక పిండి, కొంచెము సారాయి. ఈ బత్తెమును జేర్చు గుత్త విలియము డ్యూరు చేతఁ బడెను. ఇతఁడు న్యూయార్కున వాటాల జూదమున మునిఁగియున్న వర్తకుఁడు. అంతేకాదు, యుద్ధమంత్రి హెన్రీ నాక్సుతోఁ గలిసి మెయిను ప్రాంతమున భూముల వ్యాపారమునఁ బాలు గలవాఁడు. పరీక్షింపవలసినవాఁడును బరీక్షింపఁబడవలసినవాఁడును భాగస్వాములైనచోఁ బరీక్ష యెట్లుండునో పాఠకు లూహింపఁగలరు.

ఉపకరణముల సంగతి మఱింత దైన్యము. సరఫరా నధికారి సామ్యూలు హాడ్జ్‌డను సెప్టెంబరు వఱకు వాషింగ్టను కోటకే రాలేదు. గుడారములు కాఱుచుండెను, తుపాకిమందు నాసి. అడవి నఱకి బాట వేయవలసిన దండునకు గొడ్డండ్రు 80 మాత్రమే, వానిలో 30 హార్మరు నొద్ద నెరువు తెచ్చినవి, ఱంపము ఒక్కటి. గొడ్డలి మ్రానికిఁ దగిలినంతనే యంచు మడఁగెడిదఁట! గుఱ్ఱముల కధికారిగా వచ్చినవాఁడు అడవిలో నెన్నఁడు నుండినవాఁడు కాఁడు. మెడగంటలును, కాలిబందములును లేక గుఱ్ఱములు చెదరిపోయెను. తుపాకుల మరమ్మతులు సెంటుక్లేరు వాషింగ్టను కోటలోనే చేయించుకొనవలసి వచ్చెను. జూలైలోఁ గావలసిన ప్రయాణము సెప్టెంబరునకు జరిగెను. అప్పటికి లెవీల గడువు తీఱవచ్చినది, పచ్చిక మంచునకు మాఁడుచున్నది.

అక్టోబరులో బత్తెము సగమయ్యెను. 31 వ తేదీని కెంటకీ మిలీషియాలో 60 మంది విడిచిపోవుచు, వెనుక వచ్చు పిండిమూటలను దోఁచుకొందుమని బెదరించిరి. తిండిని గాపాడుటకై సేనాపతి తన మేలైన మొదటి పటాలమును, సుమారు 300 మందిని, వెనుకకుఁ బంపెను. నాలుగు దినములకు లిటిలు టర్టిలు, బ్లూజాకెట్టు మొదలగు నాయకులు సుమారు 1,000 మందితోఁ బైఁబడిరి. నదికావల విడిసియున్న మిలీషియాపై మొదట దెబ్బపడఁగా వారు పరుగెత్తిన మాట నిజమే. కాని యా పటాల మచ్చట లేకపోవుట యెవరి దోషము?

ఆ సంవత్సరమే మే నెలలో, 1781 లో యార్కుటౌనున లొంగిపోయిన కారన్‌వాలీసు ప్రభువే, టిప్పుపైఁ బోయి శ్రీరంగపట్టణపు చేరువనుండి యెడ్లు చచ్చి తిండిలేక ఫిరంగులను బగులఁగొట్టించి మరలెను. అతనికిఁ దరువాతఁ దోడ్పడినది ధాన్యపుటెడ్లు తోలు లంబాడీలు.

1792 లోఁ గాంగ్రెసు విచారించి సెంటుక్లేరును నిర్దోషిగాఁ జెప్పి, గుత్తదారునిపైనను, సరఫరా నధికారిపైనను దప్పు మోపెను. డ్యూరు ఋణగ్రస్తుఁడై చెఱపడి 1799 లో మృతినొందెను. ఆ మే నెలలోనే మిలీషియా శాసనమును బుట్టెను: 18 మొదలు 45 ఏండ్ల ప్రతి శ్వేతపౌరుఁడును దన ఖర్చుతోనే తుపాకి, బాయినెట్టు, రెండు చెకుముకిరాళ్లు, 24 తూటాలు సిద్ధము చేసికొనవలయునఁట. సరకుల భారమును బేదకర్షకునిపైఁ ద్రోయుట యిది. ఆంథొనీ వేను మాత్రము దీని నమ్మలేదు. రెండేండ్లు సేనకు శిక్షణ మిచ్చి, దారిపొడవునఁ గోటలు కట్టి ధాన్యము నిలువఁజేసి, 1793 డిసెంబరున సెంటుక్లేరు ఓడిన నేలమీఁదనే రికవరీ కోటను లేపెను. 1794 ఆగస్టు 20 న ఫాలెన్ టింబర్సు వద్ద గెలిచి, మామీనది పొడవున నాదివాసుల మొక్కజొన్నచేలను గాల్చివేసెను. మఱుసటియేఁడు గ్రీన్‌విలు సంధితో ఒహాయోలోఁ బెక్కు భాగము వారి చేయి జాఱెను.