ఒక్క హుకుం, ఒక్క రేవు: కాంటన్

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఉద్యోగమంతా ఫైళ్ల మధ్య గడిపిన నాకు కాంటన్ తట్టింది. దక్షిణ చైనాలో పెర్ల్ నది ఒడ్డున ఉన్న పాత రేవు అది. ఇప్పుడు గ్వాంగ్‌ఝౌ అంటున్నారు.

యూరపు ఓడలు కాంటన్‌కు తప్ప వేరే రేవుకు రాకూడదని 1757లో చియెన్‌లుంగ్ చక్రవర్తి హుకుం జారీ చేశాడు. దాంతో 85 ఏళ్లపాటు వారి టీ, పట్టు, పింగాణీ బేరమంతా ఇంచుమించు ఆ ఒక్క వాకిలి గుండానే నడిచింది.

నడిపిన పద్ధతి చదివితే మనబోటి వాళ్లకు ముచ్చటేస్తుంది. ఓడ ముందు మకావ్ దగ్గర ఆగి అనుమతి పత్రం పుచ్చుకోవాలి. వాంపోవాలో లంగరు వేశాక, విదేశీయులు హొప్పో అని పిలిచే సుంకాల అధికారి ఓడ పొడవు, వెడల్పు కొలిపించి సుంకం కట్టేవాడు. ప్రతి ఓడకూ ఒక చైనా వర్తకుడు జామీను నిలవాలి. బాకీలన్నీ తీరాయని పెద్ద ముద్ర వేసిన కాగితం చేతికొస్తేగాని ఓడ కదలరాదు. నో డ్యూస్ సర్టిఫికెట్ కోసం బల్లబల్లకూ తిరిగిన మన సభ్యులకు ఇది వేరే చెప్పాలా!

విదేశీయుల బస కోట గోడ బయట, నది ఒడ్డున ఉన్న 'పదమూడు ఫ్యాక్టరీ'లలో. అవి కర్మాగారాలు కావు, గిడ్డంగులూ కచేరీలూ ఇళ్లూ కలిసిన భవనాలు. ఆడవాళ్లను తీసుకురాకూడదు. సీజను కాగానే మకావ్ వెళ్లిపోవాలి. జామీను వర్తకుల్లో హౌక్వా లోకంలోకెల్లా గొప్ప ధనవంతుల్లో ఒకడయ్యాడు. దివాలా తీసినవారూ చాలామందే.

లోపమల్లా, పైవారికి మొర పెట్టుకునే దారి లేకపోవడం. 1759లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జేమ్స్ ఫ్లింట్, హొప్పో అక్రమ వసూళ్ల మీద అర్జీ పట్టుకుని ఉత్తరాన త్యెన్‌జిన్ దాకా వెళ్లాడు. విచారణ జరిపి హొప్పోను తొలగించారు. ఫ్లింట్‌కు మకావ్‌లో మూడేళ్ల ఖైదు వేశారు. చైనా భాషలో అర్జీ రాయడానికి సాయపడిన ల్యూ యాబియెన్‌కు మాత్రం మరణశిక్ష! ఫిర్యాదు మీద చర్య తీసుకుని, అర్జీ రాసినవాడి ప్రాణం తీయడం నాకు మింగుడు పడలేదు. చదువురాని వాళ్లకు ఎన్ని అర్జీలు రాసిపెట్టాయో ఈ చేతులు.

తర్వాత కథ తెలిసిందే. టీకి వెండి పోయలేక ఇంగ్లీషువాళ్లు మన దేశపు నల్లమందు దింపారు. 1839లో లిన్ జెషు దాన్ని నాశనం చేయించాడు. యుద్ధం వచ్చింది. 1842 నాన్‌కింగ్ ఒడంబడికతో అయిదు రేవులు తెరుచుకున్నాయి. టీ, పట్టు పండే సీమలకు దగ్గరైన షాంఘైకి బేరం తరలిపోయింది. 1856లో ఫ్యాక్టరీలు కాలి బూడిదయ్యాయి.

1957లో, అంటే ఆ హుకుం వచ్చిన సరిగ్గా రెండువందల ఏళ్లకు, అమెరికా వ్యాపార నిషేధం నడుస్తున్న రోజుల్లో, చైనా ప్రభుత్వం ఎగుమతుల సంతకు మళ్లీ ఆ ఊరినే ఎంచుకుంది. వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి ఆ సంత ఇప్పటికీ సాగుతోంది.