కోట క్రింద మంచము

క్రిస్మసు నాటకములు వేయించినవారందరికి తెలిసిన పని యొకటి ఉన్నది. తెర దించిన రెండు నిమిషములలో హేరోదు సింహాసనము తీసివేసి అక్కడ పశువుల తొట్టి పెట్టవలెను. అందుకని ముందుగానే బల్లల మీద సుద్దముక్కతో నాలుగు కాళ్ళకు నాలుగు గుర్తులు పెట్టుకొందుము. ఒక యేడు ఆ గుర్తులు పెట్టుట మరచితిమి. తొట్టి ఒక ప్రక్కకు పోయినది, జ్ఞానులు మూడడుగుల దూరములో వట్టి బల్లకు సాగిలపడినారు. సంఘము నవ్వినది, మేమును నవ్వితిమి.

తెర లేక, బల్లలు లేక, చుట్టును జనము మూగియున్న పచ్చిక మైదానములో ఆడవలసి వచ్చిన యెడల సామాను ఎక్కడ పెట్టవలెను? ఈ ప్రశ్నకు దాదాపు 600 ఏండ్ల క్రిందట ఎవరో కాగితము మీద గీసిపెట్టిన జవాబు నేటికిని నిలిచియున్నది. ‘ది కాజిల్ ఆఫ్ పర్సివరెన్స్’ అను ఆంగ్ల నాటకపు వ్రాతప్రతి చివర ఆ పటమున్నది. మన మాటలో దానిని ‘ఓర్పు కోట’ అనవచ్చును. 1400కు, 1425కు మధ్య తూర్పు ఇంగ్లండులో దీనిని వ్రాసియుందురని పండితుల అంచనా. వ్రాసినవారి పేరు తెలియదు. 18వ శతాబ్దములో కాక్స్ మాక్రో అను పాదిరిగారు తాము కూర్చిన పాత ప్రతులలో దీనిని కూడ భద్రపరచినారు. నేడది వాషింగ్టన్‌లోని ఫోల్జర్ షేక్‌స్పియర్ గ్రంథాలయములో నున్నది. మా వృత్తివారు చేసిన మేలు గనుక చెప్పక మానలేకపోతిమి.

పటములో ఒకదానిలో ఒకటిగా రెండు వృత్తములు, నట్టనడుమ కోట, చుట్టును ఐదు మంచెల చోట్లు ఉన్నవి. మన చేలలో పిట్టలను తోలుటకు వేయు మంచెను తలంచుకొనిన చాలును. తూర్పు మంచె దేవునిది. పడమర లోకము, దక్షిణము శరీరము, ఉత్తరము బెలియాలు. బలిపీఠము తూర్పున ఉండునట్లు గుడులు కట్టుకొనిన ప్రజలకు తూర్పు ఎవరిదో చెప్పనక్కరలేదు. ఉత్తరమును సాతానునకు అంటగట్టుట కూడ వారి పాత అలవాటే. యెషయా గ్రంథము 14వ అధ్యాయము 13వ వచనము చదివినవారికి దాని జాడ కొంత తోచును. ఐదవ మంచె లోభమునది, అది ఈశాన్య మూలను ఉన్నది! ఈశాన్యము శుభమని ఇంటి ప్లాను గీయించుకొనువారు దీనిని చూచి ఏమందురో. తక్కిన శత్రువులకంటె లోభమునే దేవుని మంచెకు దగ్గరగా కూర్చుండబెట్టినారని మాత్రము మేము గమనించితిమి.

ఈ నాటకము ఏ ఒక్క ఊరిదియు కాదు. వారము ముందుగా జెండాలు పట్టి చాటింపు వేయువారి మాటలలో ఊరి పేరు రావలసిన చోట ‘ఎన్’ అను అక్షరము మాత్రమే ఉన్నది. బాప్తిస్మపు క్రమములో పేరు చెప్పవలసిన చోట మాకు ఉండు ఖాళీ వంటిదే అది. ఏ ఊరి మైదానమైనను సరే, పటము చూచి అమర్చుకొనవచ్చును.

వృత్తము నీటి కందకమని పటములో వ్రాసియున్నది. కందకము త్రవ్వ వీలుకాని చోట గట్టి దడి కట్టవలెనట. ఆ కందకము ఎక్కడ అన్నదే పెద్ద వివాదము. అది జనమునంతటిని చుట్టి బయట ఉండునని, డబ్బు ఇయ్యనివారిని ఆపుటకే దానిని త్రవ్విరని రిచర్డ్ సదర్న్ 1957లో అచ్చయిన తన గ్రంథములో వాదించినారు. కాదు, అది కోటను చుట్టియున్న అగడ్తయేనని నటాలీ ష్మిట్ 1969లో వ్రాసినారు. మా మొగ్గు ఆమె వైపే. కోట ముట్టడిలో సోమరితనము పార పట్టి, కృప అను నీటిని బయటికి పోనిచ్చుటకు అగడ్త గట్టు త్రవ్వును. నీరు జనము వెనుక ఉన్నయెడల ఆ త్రవ్వకమునకు అర్థమేమి? సోమరితనము ఒళ్ళు వంచి పనిచేయుట ఇదొక్కసారే గాబోలు.

జనమును గూర్చియు హెచ్చరిక ఉన్నది. నడుమ కోట దగ్గర ఎవరును కూర్చుండరాదు, చూపునకు అడ్డు వచ్చును, అన్నిటికంటె మంచి ఘట్టము జరుగునది అక్కడనే అని భావము. జనమును సర్దువారు సయితము ఆవరణములో ఎక్కువమంది ఉండరాదట. మన సభలలో వాలంటీర్లే వేదికకు అడ్డుగా నిలుచుట చూచినవారికి ఈ బాధ తెలియును.

అంతగా కాపాడిన ఆ నడిచోటున పెట్టిన సామాను రెండే. కోట కాళ్ళ మీద నిలిచియుండును గనుక దాని క్రింద మానవుని మంచము నలుదిక్కులకు కనబడును. ఆ మంచము కాళ్ళ దగ్గర, కోట చివర, లోభము యొక్క బీరువా. సద్గుణములు రోజా పువ్వులు రువ్వి శత్రువులను తరిమివేసినవి గాని, లోభము కేకలు వేయలేదు, కోట నెక్కలేదు. ముసలివాడైన మానవునితో మెల్లగా మాటలాడినది. అతడు తనంతట తానే కోట దిగి వచ్చినాడు. అతనికి వెయ్యి మార్కుల సొమ్ము ముట్టినది. అంతలో మరణము వచ్చినది. సొమ్ము తీసికొనుటకు లోకము ఒక కుర్రవానిని పంపును. వాని పేరడిగిన యెడల, ఎవరో నాకు తెలియదు అన్నదే వాని పేరు! బీరువా మొదటి నుండి మంచము కాళ్ళ దగ్గరనే ఉన్నదని అప్పుడు గాని జనమునకు తట్టదు. ఈ చోటును నటుల ఇష్టమునకు విడువక పటములో వ్రాసిపెట్టుటలోని బుద్ధికి మేము ఆశ్చర్యపడుచున్నాము.

మంచమును గూర్చి మరియొక సంగతి. ఆత్మ వేషము వేయువాడు, తాను లేచి ఆడవలసిన వేళ వచ్చువరకు, ఆ మంచము క్రిందనే పడియుండవలెనని పటములో ఉన్నది. మానవుడు చనిపోవుసరికి దాదాపు 3,000 పంక్తులు గడచిపోవును. లోకము, శరీరము, బెలియాలు తమ గొప్పలు చెప్పుకొనినంత సేపు, ముట్టడి నడచినంత సేపు, అతడు మాట లేక నేల మీద పడియుండవలసినదే. మానవుడు కన్ను మూయగానే మంచము క్రిందనుండి ఆత్మ లేచి, కనికరము కొరకు మొరపెట్టుచు మాటలాడును.

1979లో కెనడా దేశమందలి టొరంటో విశ్వవిద్యాలయములో ఈ నాటకమును ఆరుబయట ఆడి, పటమును మరల నేల మీదికి దించినారు.

లేచిన ఆత్మను దురాత్మ వీపున వేసికొని నరకము వైపు మోసికొనిపోవును. తూర్పున దేవుని యెదుట నలుగురు కుమార్తెలు వాదింతురు. తెల్లని వస్త్రములో కృప, ఎఱ్ఱని వస్త్రములో నీతి, ముదురాకుపచ్చలో సత్యము, నల్లని వస్త్రములో సమాధానము. కీర్తన 85లోని నలుగురే వీరు. తీర్పు అయిన తరువాత వారే మంచె దిగి, మైదానము దాటి వెళ్ళి, ఆత్మను దురాత్మ చేతిలోనుండి విడిపించి, కోటను, మంచమును, బీరువాను వెనుక విడిచి, తూర్పు మంచె మీద దేవుని కుడిప్రక్కకు తీసికొనివత్తురు.